రేకుల గది సీలింగ్‌లో ట్రాప్ డోర్: వేడి, దుమ్ము దిగకుండా ఎలా మూయాలి?

పటమట_డాబా

నమస్తే అండీ. విజయవాడ పటమటలో డాబా మీద 18×12 అడుగుల గది. పైన కలర్ కోటెడ్ రేకులు, రేకులకు రెండడుగుల కింద 12.5 మి.మీ. జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగ్. బాత్రూమ్ గుమ్మం ముందు సీలింగ్‌లో 2×2 అడుగుల ట్రాప్ డోర్ ఉంది. పేరుకి డోరే గానీ అది 12 మి.మీ. ప్లై ముక్క, లోపలి చెక్క పట్టీ మీద ఊరికే కూర్చుని ఉంటుంది.

ఒకటిన్నర టన్ను ఏసీ ఉన్నా ఎండాకాలం మధ్యాహ్నం 2 దాటాక గది 28 కిందికి దిగడం లేదు. మూత చుట్టూ సీలింగ్ మీద నల్లటి గీత, సరిగ్గా దాని కింద నేల మీద సన్న దుమ్ము. వానాకాలంలో మూత అంచు ఉబ్బి ప్లై పొరలు లేచాయి. అంగుళం థర్మకోల్ అతికిస్తే జిగురు తగిలిన చోటల్లా కరిగి గుంటలు పడింది. అమెరికా వీడియోల్లో గదివైపు పాలిథీన్ షీటు వేయమంటున్నారు, మనకీ అదే పద్ధతా? సీలింగ్ మీద ఇంతవరకు ఏమీ పరచలేదు. ఏ సామాను ఎంత కావాలో, ఏది ముందు ఏది వెనక చేయాలో చెప్పగలరు.

ఏసీ_లెక్కలు

మందం సంగతి తర్వాత, ముందు సందు చూడండి. 2×2 మూత చుట్టుకొలత 8 అడుగులు, అంటే 2.44 మీటర్లు. ప్లై కాస్త వంగి సగటున 3 మి.మీ. ఎత్తుగా కూర్చుందనుకున్నా సందంతా కలిపి 73 చదరపు సెంటీమీటర్లు. 4 అంగుళాల పైపు నోరు 81. అంటే సీలింగ్‌కి దాదాపు అంత పైపు బిగించి రెండో కొసను రేకుల కింద వదిలేసినట్టే.

రోహిణి కార్తెలో రేకుల కింద గాలి 52 డిగ్రీలు, గది 27 అనుకుందాం. ప్లై గుండా నేరుగా దిగే వేడి 23 వాట్లు, ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటంత. దానికోసం నిచ్చెన ఎక్కక్కర్లేదు. సందులోంచి వచ్చే గాలి లెక్క వేరు. తలుపులు, కిటికీలు బిగించి బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది బయటికి నెట్టిన గాలికి బదులు గాలి ఎక్కణ్ణుంచో రావాలి, మీ గదిలో దగ్గర దారి ఈ మూతే. గంటకు 100 ఘనపు మీటర్లు అలా దిగితే 750 వాట్ల పైచిలుకు వేడి వెంటబెట్టుకొస్తుంది. ఏసీకి ఉన్న ఒకటిన్నర టన్నులో, ఒక టన్ను శక్తిలో ఐదో వంతు దానికే సరి. ఆగస్టులో వేడి తగ్గినా తేమ ఎక్కువ: అదే 100 ఘనపు మీటర్ల గాలి గంటకు 0.8 నుంచి 0.9 లీటరు నీటిని గదిలోకి తెస్తుంది, ఏసీ దాన్ని పిండి డ్రైన్ పైపులో పోయాలి.

ఫ్యాన్ ఆపినా పూర్తిగా ఆగదు. చల్లగాలి బరువు, అది తలుపు కింది సందులోంచి జారిపోతూ ఉంటుంది, ఆ ఖాళీలోకి పైనుంచి వేడిగాలి దిగుతుంది. చలిదేశాల్లో ఇది తలకిందులు, గదిలోని వెచ్చని గాలే పైకి పోతుంది. మీరు చూసిన వీడియోలన్నీ ఆ పోకను ఆపడానికి.

నల్లగీత మసి కాదు. గాలి దూరే చోట దుమ్ము అంచుకు పట్టి మిగిలిన జాడ. అగరుబత్తితో తేల్చుకోండి: ఏసీ, సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, మూత అంచు వెంట రెండంగుళాల కింద బత్తి నడపండి. పొగ ఎక్కడ కిందికి తోసుకొస్తే అక్కడ సందు.

ఒక్కమాట మాత్రం ముందే చెప్తా. ఏమీ పరచని మీ 20 చదరపు మీటర్ల సీలింగ్ మొత్తం ఆ ఎండలో 1250 వాట్ల దాకా దించుతుంది. మూత ఒక్కటి బాగుచేసి గది 24కి వస్తుందని ఆశపడకండి. దుమ్ము, తేమ ఆగుతాయి, ఏసీకి కొంత ఊపిరి ఆడుతుంది. పూర్తి ఫలితం కావాలంటే సీలింగ్ మీద కూడా పరవాలి. 50 మి.మీ. గ్లాస్‌వూల్ (దూదిలా ఉండే గాజునార పరుపు) పరిస్తే ఆ 1250 కాస్తా 300 లోపుకి వస్తుంది.

గుంటూరు_సీలింగ్‌పని

లెక్కలు పై సార్ చెప్పారు కాబట్టి పని చెప్తాను. పాత మూత పారేయండి, పొరలు లేచిన ప్లైకి ఏ రబ్బరూ సమంగా ఆనదు.

మూత కంటే ముందు రంధ్రం చుట్టూ ఫ్రేము చూడాలి. చాలా చోట్ల బోర్డు కోసేసి చెక్క పట్టీని జిప్సంకే స్క్రూ కొట్టి వదిలేస్తారు. మూత ఎత్తి దించినప్పుడల్లా బోర్డు అంచు పొడి రాలుతుంది, సందు ఏటా పెరుగుతుంది. నాలుగు వైపులా జీఐ (జింకు పూత ఇనుము) సీలింగ్ సెక్షన్ ముక్కలుండాలి, నాలుగు మూలలకీ హ్యాంగర్లుండాలి. హ్యాంగర్లు పర్లిన్‌కి (రేకుల్ని మోసే అడ్డ దూలానికి) వేలాడాలి, రేకుకి కాదు. ఇది లేకుండా మిగతాదంతా చేసినా ఆరు నెలల్లో సీలింగ్ జారి మూత ఒకపక్క నోరు తెరుస్తుంది.

ఆ తర్వాత గట్టు. 12 మి.మీ. మెరైన్ ప్లైని 5 అంగుళాల వెడల్పు పట్టీలుగా నాలుగు కోయించి, రంధ్రంలో లోకొలత 24×24 అంగుళాలు వచ్చేలా పెట్టెలా బిగించండి. కింది అంచు సీలింగ్ మట్టానికి రావాలి, మిగతా ఎత్తంతా పైకి. రేపు గ్లాస్‌వూల్ పరిస్తే మూత తీసినప్పుడల్లా అది నెత్తిన పడకుండా ఈ గట్టే ఆపుతుంది. ప్లైని 25 మి.మీ. డ్రైవాల్ స్క్రూలతో జీఐ సెక్షన్‌కి అడుగుకి రెండు చొప్పున బిగిస్తే చాలు. ప్లైకీ జిప్సం అంచుకీ మధ్య ఉండే సందుని అక్రిలిక్ సీలెంట్‌తో నింపండి, ఒక ట్యూబు సరిపోతుంది. సిలికాన్ వద్దు, దాని మీద పెయింట్ పట్టదు. మూత సందు శ్రద్ధగా మూసి ఈ సందు మరిచిపోయిన పనులే ఎక్కువ.

గట్టు లోపల, కింది అంచుకి అంగుళం పైన, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావంగుళం మందం టేకు పట్టీ చుట్టూ కొట్టండి. మూత దీని మీద కూర్చుంటుంది. మూలల్లో రెండు పట్టీలు ఒకే మట్టంలో కలవాలి, 2 మి.మీ. మెట్టు ఉన్నా అక్కడ రబ్బరు ఆనదు. పట్టీకి ప్రైమర్, ఒక కోటు ఎనామిల్ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. పచ్చి చెక్క మీద, పుట్టీ మీద స్టిక్కర్ జిగురు నెల తిరక్కుండా ఊడుతుంది, తప్పు రబ్బరుది అంటారు.

రబ్బరు అంటే ఈపీడీఎం డీ-ఆకారం బీడింగ్, 9 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. ఎత్తు. రెండున్నర మీటర్లు పడుతుంది, 3 మీటర్లు తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే ఆటోనగర్‌లో కారు డోర్ బీడింగ్ అమ్మేవాళ్లని అడగండి. పసుప్పచ్చ స్పాంజి టేపు అంటగడితే వద్దనండి, అది ఒకసారి నొక్కుకుంటే మళ్లీ లేవదు, మన వేడికి పొడి అవుతుంది. అతికించేటప్పుడు లాగొద్దు. లాగి అతికించిన రబ్బరు వారంలో వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు ఇస్తుంది. మూలల్లో 45 డిగ్రీల కోత, కలిసిన చోట ఒక చుక్క సీలెంట్.

మూతకి కొత్త 12 మి.మీ. మెరైన్ ప్లై, 23¾ అంగుళాల చదరం. కోసిన నాలుగు అంచులకీ పెయింట్ తప్పనిసరి, మీ పాతది ఉబ్బింది అంచు నుంచే. దాని మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (థర్మకోల్ లాంటిదే, గట్టి ఫోమ్), 23¼ అంగుళాలు. ఒక్క బోర్డులో రెండు మూతలకి సరిపడా వస్తుంది. ఫోమ్‌ని ప్లై కంటే పావంగుళం లోపలికి ఉంచేది గట్టుకి రాసుకోకుండా.

ప్లై, ఫోమ్ కలిపి మూడు, మూడున్నర కిలోలు. ఆ బరువుకి రబ్బరు చుట్టూ సమంగా నొక్కుకోదు. మూతలో నాలుగు వైపులా మధ్యన ఒక్కో టీ-నట్ (చెక్కలో దిగి కూర్చునే మరల నట్టు) దిగ్గొట్టి, కిందనుంచి పట్టీలో రంధ్రం చేసి 6 మి.మీ. చేతిబోల్టు ఎక్కించండి. నాలుగూ కొద్దికొద్దిగా బిగిస్తే 6 మి.మీ. రబ్బరు 4కి నొక్కుకుంటుంది, అంతకన్నా బిగించక్కర్లేదు.

పటమట_డాబా

చాలా వివరంగా చెప్పారండీ, థాంక్స్. ఫోమ్‌ని ప్లైకి దేనితో అతికించాలి? పాలిథీన్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరు. రేకుల కింద ఎలుకలున్నాయి, కరెంటు వైర్లు కూడా సీలింగ్ మీదే వదులుగా పడి ఉన్నాయి.

కృష్ణాతీరం_సివిల్

థర్మకోల్ కరిగింది మీ జిగురు వల్ల. సన్‌మైకా అతికించే పసుపురంగు రబ్బరు జిగురులో ఉండే సాల్వెంట్ థర్మకోల్‌ని తినేస్తుంది. ఎక్స్‌పీఎస్ కూడా అదే జాతి, దాన్నీ తింటుంది. వడ్రంగి వాడే తెల్ల ఫెవికాల్ పలచగా పూసి, మీద నాలుగు ఇటుకలు సమంగా పెట్టి ఒక రోజంతా కదపకండి. తొందరగా కావాలంటే పీయూ ఫోమ్ (గన్‌తో చిమ్మితే ఉబ్బి గట్టిపడే నురుగు) చారలు చారలుగా వేసి బరువు పెట్టొచ్చు, కానీ బరువు తక్కువైతే అది ఉబ్బి బోర్డుని లేపేస్తుంది. అదే ఫోమ్ గన్‌తో గట్టుకీ జిప్సంకీ మధ్య సందు కూడా నింపేస్తానని పనివాడు ఉత్సాహపడతాడు. ఆరేటప్పుడు అది 12 మి.మీ. ప్లైని లోపలికి తోస్తుంది, మూత ఇరుక్కుంటుంది. సన్న సందుకి సీలెంటే.

పాలిథీన్ గురించి. ఆవిరి తేమ ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి పోతుంది. మంచుదేశంలో చలికాలం గది లోపల తేమ ఎక్కువ, బయట పొడి, అందుకని పొర గదివైపు. మనకి ఎనిమిది తొమ్మిది నెలలు తేమ బయటే, పైనే ఉంటుంది, చల్లగా పొడిగా ఉండేది ఏసీ గది. గదివైపు పాలిథీన్ వేస్తే పైనుంచి గ్లాస్‌వూల్ గుండా దిగిన ఆవిరి చల్లటి పాలిథీన్ పైముఖానికి తగిలి నీరవుతుంది, దిగే దారి లేక దూది నానుతుంది. మీ మూత ప్లై ఉబ్బింది కూడా ఇలాగే: ఆగస్టు రాత్రి రేకుల కింద గాలి 25 డిగ్రీలకి చల్లబడితేనే నీటిచుక్కలు కట్టేంత తేమతో ఉంటుంది, ఏసీ 20, 22 మీద ఉంటే ప్లై పైముఖం ఆ 25 కిందికి పోతుంది, అక్కడ చెమ్మ పడుతుంది. వర్షం కారిందనుకుని రేకుల స్క్రూలకి తారు పూసినవాళ్లున్నారు.

కాబట్టి మనకి పొర పైవైపు. మూత వరకైతే ఎక్స్‌పీఎస్సే ఆవిరిని బాగా ఆపుతుంది. ఫోమ్ పక్కముఖాలకీ, ప్లైతో కలిసే గీతకీ రెండంగుళాల అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టండి, ఒక రోల్‌లో ముప్పాతిక మిగులుతుంది. సీలింగ్ మీద పరిచేది ఫాయిల్ ఉన్న గ్లాస్‌వూల్ అయితే ఫాయిల్ ముఖం పైకి, అతుకుల మీద అదే టేపు. మెరిసే ఫాయిల్ వేడిని తిప్పికొడుతుందని దాన్నే నమ్ముకోకండి, రేకుల కింద ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి మెరుపు పోతుంది. ఆవిరిని ఆపే గుణం మాత్రం పోదు. తిప్పికొట్టే పని కావాలంటే ఫాయిల్‌ని పర్లిన్ల కింద, మెరుపు కిందికి ఉండేలా, కింద గాలి ఖాళీ ఉంచి కట్టాలి. అది వేరే పని.

బరువు భయం వద్దు, 24 కిలోల సాంద్రత గ్లాస్‌వూల్ 50 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 1.2 కిలోలు, మీ గదంతటికీ 24 కిలోలు. హ్యాంగర్లు సరిగా ఉన్న సీలింగ్ మోస్తుంది. మనిషి బరువు మాత్రం మోయదు, జిప్సం మీద కాలు పెట్టొద్దు, పర్లిన్ల ఆధారంతో వేసిన చెక్క పలక మీదే ఉండి పని చేయాలి. ముక్కుకి ఎన్95, నిండు చేతుల చొక్కా, ఉదయం 9 లోపల ముగించేలా. డౌన్‌లైట్ల (సీలింగ్‌లో దిగేసిన లైట్ల) చుట్టూ 3 అంగుళాలు వదలండి, ఎల్‌ఈడీ డ్రైవర్‌ని (లైటుకి కరెంటు ఇచ్చే చిన్న డబ్బాని) దూది కింద పూడ్చకండి.

వైర్లు: మామూలు పీవీసీ వైరు థర్మకోల్‌కి గానీ ఎక్స్‌పీఎస్‌కి గానీ ఆని ఏళ్లపాటు ఉంటే వైరు తొడుగులోని మెత్తదనమిచ్చే నూనె ఫోమ్‌లోకి పోయి తొడుగు పెళుసవుతుంది. ఫోమ్ దగ్గర వైరుంటే గట్టి కాండ్యూట్ పైపులో వేయించండి. ఎలుకలు ఎలాగూ కొరుకుతాయి కాబట్టి అది రెండు విధాల మంచిది. ఎలుకలకి ఫోమ్ నింపి దారి మూయడం దండగ, ఒక్క రాత్రిలో తొలిచేస్తాయి. చూరు దగ్గర రేకు అలల కింద 6 మి.మీ. జీఐ మెష్ కొట్టండి. ఎలుక ఆగాలి, గాలి ఆగకూడదు. చూరు మొత్తం సిమెంటుతో పూడిస్తే రేకుల కింద వేడి ఇంకా పెరుగుతుంది.

బెంజ్‌సర్కిల్_వడ్రంగం

గుంటూరు అన్నగారు చెప్పిన బోల్టు పద్ధతిలో ఒక చిక్కుంది. బీడింగ్ ఎక్కడ, బోల్టు ఎక్కడ అన్నది ఆయన చెప్పలేదు. పట్టీ ఒకటిన్నర అంగుళమే. బోల్టు రంధ్రం గట్టువైపు, రబ్బరు గదివైపు పెడితే రంధ్రం చుట్టూ పైగాలి రబ్బరుని దాటుకుని గదిలోకి దిగుతుంది, అంత చేసీ నాలుగు రంధ్రాలు మిగులుతాయి. రబ్బరు గట్టుకి దగ్గరగా అతికించాలి, బోల్టు దానికి ఇవతల, గదివైపు రావాలి. టీ-నట్ పైన ఫోమ్ ఉంటుంది కాబట్టి అక్కడ దారి లేదు, కానీ బోల్టు మొన నొక్కి ఫోమ్‌ని లేపకుండా చిన్న గుంట తవ్వండి.

పట్టీలు పోగా మనిషి దూరే నోరు 21 అంగుళాలే ఉంటుంది. ఏసీ మెకానిక్ పైకి వెళ్లాల్సిన అవసరమున్న ఇళ్లలో గట్టు లోకొలతే 27 పెట్టించుకోవడం నయం.

కిందికి తెరుచుకునే మడతబందు తలుపే కావాలనుకునేవాళ్లకి: బందులవైపు రబ్బరు నిలువుగా నొక్కుకోదు, పక్కకి రాసుకుని చిరుగుతుంది. బందులు బిగించేటప్పుడు ఆవైపు 4 మి.మీ. ప్యాకింగ్ పెట్టి తలుపుకీ పట్టీకీ అంత ఎడం ఉంచాలి. ఎదురువైపు ఒక్క గడియ చాలదు, రెండు చివరలా రెండు లాగి బిగించే గడియలు కావాలి. అల్యూమినియం ఫ్రేముతో వచ్చే రెడీమేడ్ ప్యానెళ్లు చూడ్డానికి నీటుగా ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. చాలావాటిలో రబ్బరు ఉండదు, ఆ స్ప్రింగు లాకుకి రబ్బరుని నొక్కే బలమూ ఉండదు.

గుంటూరు_సీలింగ్‌పని

బోల్టు మాట నిజమే, రబ్బరు గట్టువైపు, బోల్టు గదివైపు. రాయడం మరిచాను.

బ్రాడీపేట_పెంకుటిల్లు

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. గుంటూరులో పాత పెంకుటిల్లు, చెక్క అటక, ఎక్కడానికి చెక్క మూత. దీనికీ ఇదే పద్ధతి పనికొస్తుందా?

బెంజ్‌సర్కిల్_వడ్రంగం

మూతకి పనికొస్తుంది, గదికి అంత లాభం ఉండదు. అటక పలకల మధ్య సందులన్నీ కలిపితే మూత సందుకి పది రెట్లుంటాయి. ముందు పలకల పైవైపు గట్టి గుడ్డో, ఆవిరి పోనిచ్చే రూఫింగ్ షీటో పరిచి అంచులు గోడకి చెక్క పట్టీతో బిగించాలి, ఆ తర్వాతే మూత. పాత చెక్క వానాకాలం ఉబ్బుతుంది కాబట్టి మూత చుట్టూ 3 కాదు, 5 మి.మీ. వదలండి, లేకపోతే ఆగస్టులో మూత ఊడిరాదు. ఏసీ పెట్టని ఇల్లయితే దుమ్ముకోసం రబ్బరు ఒక్కటి చాలు, ఫోమ్ ఖర్చు అనవసరం.

ఏసీ_లెక్కలు

పని అయ్యాక రెండు పరీక్షలు. రాత్రి పైన టార్చి వెలిగించి పెట్టి, మూత బిగించి, గదిలో లైట్లు ఆపండి. వెలుగు గీత కనిపించిన చోట పట్టీ మట్టం తప్పిందన్నమాట. తర్వాత న్యూస్‌పేపర్ ముక్కని రబ్బరుకీ మూతకీ మధ్య పెట్టి బిగించి లాగండి. చుట్టూ అన్నిచోట్లా కాగితం బిగుసుకుని ఉండాలి, ఎక్కడైనా జారి వచ్చేస్తే ఆ దగ్గరి బోల్టు ఒక చుట్టు బిగించండి. ఆపైన మళ్లీ అగరుబత్తి.

మూత బిగుసుకున్నాక ఎగ్జాస్ట్‌కి గాలి దారి కావాలి, లేదంటే అది డౌన్‌లైట్ల రంధ్రాల్లోంచి లాగుతుంది. బాత్రూమ్ తలుపు కింద ముప్పావంగుళం సందు ఉంచి, గది కిటికీ ఒకటి కాస్త తెరిచి అప్పుడు ఫ్యాన్ వేయండి, పావుగంట తర్వాత ఆపేయండి. అలాగే ఆ ఫ్యాన్ పైపు గోడ బయటికి పోతోందా, సీలింగ్ మీదే వదిలేశారా చూడండి. సీలింగ్ మీద వదిలితే స్నానాల ఆవిరంతా పైనే చేరుతుంది, పైన చెప్పిన చెమ్మ రెట్టింపు.

కృష్ణాతీరం_సివిల్

ఇంకొకటి. ఇప్పటిదాకా రేకు కారితే మూత అంచు నుంచి చుక్క పడి తెలిసేది. ఇకమీదట పడదు, నీళ్లు దూదిలో ఇంకి సీలింగ్ బరువెక్కాకే మచ్చ కనిపిస్తుంది. జూన్‌లో మొదటి పెద్ద వాన మర్నాడు, అక్టోబరు నవంబరుల్లో తుఫాను గాలివాన పోయాక, మూత విప్పి టార్చితో రేకు స్క్రూల వాషర్లు, దూది పైముఖం చూసి మళ్లీ బిగించండి. నాలుగు బోల్టులే కదా, పది నిమిషాల పని.